చదవని పేరు

కళ్యాణదుర్గం బస్సులో ఎస్తేరు ఎక్కిందంటే వెనక సీట్లలోని కుర్రాళ్లు గబగబా సెల్‌ఫోన్లలోకి తలలు దూర్చేవాళ్లు. అంతమాత్రానికి వదిలే మనిషా ఆమె? బెంగళూరికేనా అప్పా అని పలకరించి, కాస్త జరగమని పక్కనే కూర్చుని, వాళ్ల నాయన మోకాళ్ల నొప్పి గురించీ, ఈ ఏడు శనక్కాయ చేను ఎట్లా మాడిపోయిందీ మాట్లాడి, దిగే ముందు చేతిసంచిలోంచి నిరోధ్ పొట్లాలు తీసి కండక్టరు చిల్లర ఇచ్చినంత మామూలుగా వాళ్ల చేతుల్లో పెట్టేది. ముందు సీట్లలోని ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. కుర్రాళ్లు ఆమెకు బుడగలత్త అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పేరు ఏదైతేనేం, బుడగ జేబులో ఉంటే చాలు అనేది.

ఆమె ఉద్యోగమే అది. కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో వయసు పిల్లలకు ఎయిడ్స్ రాకుండా జాగ్రత్తలు చెప్పే పని. లింక్ వర్కర్ అంటారు. కాగితాల మీద ఉద్యోగం గానీ, నిజం చెప్పాలంటే అది ఆమె తీర్చుకుంటున్న పగ.

ఎస్తేరు మొగుడు సుంకప్ప బోరు లారీలో పనిచేసేవాడు. సొంత చేలో ఎంత లోతుకు వేసినా చుక్క నీళ్లు పడని మనిషి, రాజస్థాన్‌లోనూ మధ్యప్రదేశ్‌లోనూ ఊరూరికీ నీళ్లు తీసి వచ్చాడు. నీళ్లతో పాటు రోగం కూడా తెచ్చుకున్నాడు. పెళ్లినాటికే అది అతని ఒంట్లో ఉందని తర్వాత డాక్టర్లు లెక్కగట్టి చెప్పారు. పుట్టిన బిడ్డ నడక నేర్వకముందే పోయింది. ఆ వెనకే సుంకప్ప పోయాడు. ఎస్తేరు కూడా పోయేదే. ఈలోగా అనంతపురానికి మందులు వచ్చాయి, ఆమె బతికింది. అవి రెండేళ్లు ముందుగా వచ్చి ఉంటే ముగ్గురూ బతికి ఉండేవాళ్లు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనదు గానీ మనసులో అనుకోని రోజు లేదు.

ఆమె ఏదీ దాచలేదు. అదీ ఆమె గొప్ప. కాలేజీ పిల్లల ముందు నిలబడి, నాకు ఈ రోగముంది, నన్ను చూడండి, దయ్యంలాగా ఉన్నానా అని అడిగేది. పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు వింటారు, భయపడినవాళ్లు చెవులు మూసుకుంటారు అనేది ఆమె సూత్రం. మంచి సూత్రమే. ఊరి చర్చి సంగతికి వచ్చేసరికి మాత్రం ఆ సూత్రాన్ని ఆమే మరిచిపోయింది.

ఆ చర్చిలో పెళ్లి కుదిరిన జంట పేర్లను మూడు ఆదివారాలు ఆరాధనలో చదువుతారు. ఫలానా వాని కొడుకు ఫలానా, ఫలానా వాని కూతురు ఫలానా, వీరిరువురూ పెండ్లి చేసుకోదలచినారు, ఎవరికైనా ఆటంకం తెలిసి ఉంటే చెప్పవలెను అని అయ్యగారు అడుగుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పేవాళ్లు ఉంటే బయటే చెప్పి ఉంటారు. అయినా ఆ మూడు ఆదివారాలూ ఊరికి పండుగే. పేరు చదవగానే పెళ్లికొడుకును పక్కవాడు మోచేత్తో పొడవడం, పెళ్లికూతురు తల వంచుకోవడం, తల్లులు చుట్టూ చూసి చిన్నగా నవ్వడం, ఇవన్నీ లేకపోతే పెళ్లి పెళ్లిలా అనిపించదు.

మొగుడు పోయి కొన్నేళ్లు గడిచాక ఎస్తేరు ఒకరోజు అప్పటి పాస్టరు ఇంటికి పోయి అడిగింది.

"నా పెండ్లికి కూడా మూడు ఆదివారాలు ఆటంకం ఉందా అని అడిగినారు కదయ్యా. ఆటంకం రక్తంలో ఉంటే ఎవరు లేసి చెప్తారు?"

ముసలి పాస్టరు సంఘపెద్దలను పిలిపించాడు. ఆ నెలలోనే సంఘంలో కట్టుబాటు పెట్టారు. మొదటి ప్రకటన చదవకముందే పిల్లా పిల్లగాడూ ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. రిపోర్టులు అయ్యగారు చూడరు, సంఘపెద్దలు చూడరు. ఎస్తేరు ఒక్కతే చూస్తుంది. చూసి, సరే అని ఒక్క మాట చెబుతుంది. ఆమె సరే అంటే పేర్లు చదువుతారు. ఇంతకన్నా గుట్టుగా ఇంకెక్కడ జరుగుతుందని ఆమె ధీమా. పక్క ఊళ్ల చర్చీలు కూడా ఈ పద్ధతి చూసి నేర్చుకున్నాయి. ఏళ్లు గడిచాయి. ఆమె ఒక్కసారి కూడా సరే అనకుండా ఉండాల్సిన అవసరం రాలేదు. చూశారా, మా ఊరి పిల్లలు ఎంత జాగ్రత్తగా ఉన్నారో అని ఆమె మురిసిపోయేది.

అనుమానం ఉన్న పిల్లలు అసలు చర్చి గడప తొక్కడం మానేశారని మాత్రం ఆమెకు తట్టలేదు. ఒకడు బెంగళూరులోనే రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. ఇంకొకడు పెళ్లే వద్దన్నాడు. ఈ కాలం పిల్లలకు భక్తి తగ్గిందని పెద్దలు నిట్టూర్చి ఊరుకున్నారు. కంచె వేసినవాడు కంచె లోపల ఏం పండిందో చూసుకుంటాడు గానీ బయటి సంగతి వాడికెందుకు?

ఇక ప్రతాప్ సంగతి. ఎస్తేరు ఇంటి పక్క మారెమ్మ కొడుకు. తండ్రి లేడు. ఎస్తేరు పిల్లలను పోగుచేసి వీధి నాటకాలు ఆడించేది. అందులో రోగం వచ్చినవాడి వేషం ఎప్పుడూ ప్రతాప్‌దే. రోగమొచ్చినవాడు కూడా మందులు వాడితే నూరేళ్లు బతకొచ్చు, పెండ్లాం బిడ్డలకు అంటకుండా కాపురం చేయొచ్చు అని ఆఖరున వాడు చేతులు చాచి చెబుతుంటే ఆడవాళ్లు కండ్లు తుడుచుకునేవాళ్లు. కడుపున పుట్టిన బిడ్డ దక్కని ఎస్తేరుకు వాడంటే ప్రాణం. చదువు ఇంటర్‌తో ఆగిపోయి సెంట్రింగ్ పనికి బెంగళూరు పోయాడు. పండక్కి వచ్చినప్పుడల్లా, తల్లి దగ్గర సంచి పడేసి తిన్నగా అత్త ఇంటికే వచ్చేవాడు.

వాడికి బెళుగుప్ప పిల్ల కృపాకుమారితో పెళ్లి కుదిరింది. ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పే పిల్ల, నెమ్మదైనది. ప్రధానం జరిగింది, ఉంగరాలు మార్చుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి వీరి ప్రకటన చదువుతామని అయ్యగారు అందరికీ చెప్పారు. అదే ఆదివారం తిప్పేష్ అనే ఇంకో కుర్రాడి ప్రకటన కూడా మొదలవుతుందన్నారు.

శనివారం మధ్యాహ్నం ఎస్తేరు వాకిట్లో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. వాన జాడ లేదు, అయినా ఒలవక తప్పదు. ప్రతాప్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రెండు కాయలు తీసుకుని చిదిపాడు గానీ నోట్లో వేసుకోలేదు. కృప రిపోర్టు ముందే వచ్చింది, బాగానే ఉంది. వాడిది కళ్యాణదుర్గం ఆస్పత్రిలో ఆ రోజే ఇచ్చారు. అది చేతికి ఇవ్వలేదు వాడు. ఇవ్వకముందే ఎస్తేరుకు అర్థమైపోయింది. ఇరవై ఏళ్లుగా ఎందరి ముఖాలు చూడలేదు ఆమె.

ఊళ్లో పిల్లలందరికీ ధైర్యం చెప్పే మనిషి, కన్నబిడ్డలాంటివాడి ముందు చాట పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వాడే మాట్లాడాడు. ఒకే ఒక్కసారి, బెంగళూరు వెళ్లిన కొత్తలో, తోటి పనివాళ్లతో పోయానన్నాడు. నువ్విచ్చిన పొట్లాలు సంచిలోనే ఉండిపోయాయి అత్తా అన్నాడు. సోమవారం అనంతపురం పోయి మందులకు పేరు రాయించుకోమని ఆస్పత్రిలో చెప్పారట. పోతాను అన్నాడు. ఆ తర్వాత అసలు వచ్చిన పని చెప్పాడు.

"రేపు ఒక్క ప్రకటన చదవనీ అత్తా. ఈ పెండ్లి నేనే ఆపుకుంటా, ఏదో ఒక సాకు చెప్తా. నా పేరు చదవకుండా వదిలేస్తే ఊరంతా తెలిసిపోతాది. మా అమ్మ తల ఎత్తుకోలేదు."

చూస్తాలే అంది ఎస్తేరు. సోమవారం నేను కూడా నీతో వస్తానని చెప్పింది. అంతకుమించి మాట ఇవ్వలేదు. వాడు మాత్రం మాట ఇచ్చినట్టే అనుకుని లేచిపోయాడు. ఆ సాయంత్రం బండి తీసుకుని ఎటో పోయాడని మారెమ్మ చెప్పింది.

ఆ రాత్రి ఎస్తేరుకు నిద్ర లేదు. సరే అంటే అబద్ధం. అదీ ఆమె పెట్టిన కట్టుబాటుకే, ఆమె నోటితోనే. కృపాకుమారి ముఖం కళ్ల ముందుకు వచ్చింది, దాని వెనకే పద్దెనిమిదేళ్ల తన ముఖం వచ్చింది. ఒక్క ప్రకటన చదివితే ఏమవుతుందని ఒక మనసు అంటే, సుంకప్ప కూడా ఇట్లాగే ఎవరినో బతిమాలుకుని ఉంటాడేమో అని ఇంకో మనసు అంది. ఇందులో న్యాయం ఎటువైపు ఉందో నన్నడిగితే నేను మాత్రం ఏం చెప్పగలను? కానీ కృప దగ్గరికి పోయి ఒక్క మాట మాట్లాడదాం, లేకపోతే ప్రతాప్‌నే తీసుకుపోయి వాడి చేత చెప్పిద్దాం అనే ఆలోచన ఆమెకు రాలేదు. నాలుగు గోడల మధ్య తానొక్కతే కూర్చుని ఆ ఇద్దరి బతుకు తేల్చాలని చూసింది.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు, రెండు జంటలదీ సరేనా అని.

"తిప్పేష్‌ది సరే అయ్యా," అంది ఎస్తేరు.

అయ్యగారు ఇంకేమీ అడగలేదు. ఆయన కొత్తగా వచ్చిన మనిషి. కట్టుబాటు ఆయనకన్నా పాతది.

పాటలయ్యాయి, ప్రార్థన అయింది. ప్రకటనల సమయం వచ్చింది. అయ్యగారు తిప్పేష్ పేరు, వాడి తండ్రి పేరు, పిల్ల పేరు చదివారు. తిప్పేష్‌ను పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఆటంకం ఉందా అని అడిగి, ఒక క్షణం ఆగి, అయ్యగారు కాగితం మడిచి బైబిలు తెరిచారు. ప్రతాప్ మగవాళ్ల వైపు మూడో వరసలో కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నవాడు మోచెయ్యి సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఆ మోచెయ్యి మెల్లగా వెనక్కి పోయింది.

ఇంకెవరైనా అయితే అంతటితో తలొంచుకుని ఊరుకునేవాళ్లు. మారెమ్మకు అంత ఆలోచన లేదు. పాపం, అయ్యగారు మరిచిపోయారనుకుంది. ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడింది.

"మా పిల్లోని పేరు మరిసినారు అయ్యగారూ," అంది నవ్వుతూ.

అయ్యగారు తడబడ్డారు. ఏం చెప్పాలో తెలియక ఎస్తేరు వైపు చూశారు. ఆయన చూపు వెంట చర్చి మొత్తం ఎస్తేరు వైపు తిరిగింది. రక్తపరీక్ష కాగితాలు చూసే మనిషి వైపు. ఇక చెప్పడానికి ఏం మిగిలింది? ఇరవై ఏళ్లు గుట్టు కాపాడానని గొప్ప చెప్పుకున్న ఎస్తేరు, పెదవి కదపకుండానే ఊరందరికీ చాటింపు వేసింది. మారెమ్మ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. ప్రతాప్ లేచి, వరస దాటి, తలుపు దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సుకే వాడు బెంగళూరు పోయాడు. ఫోను ఆగిపోయింది. సోమవారం ఎస్తేరు అనంతపురం పోయి ఆస్పత్రి గేటు దగ్గర పొద్దుగూకేదాకా కూర్చుంది, ఏమో, వస్తాడేమోనని. రాలేదు.

ఆ వారం మధ్యలో కృపాకుమారి వచ్చింది. ఒంటరిగానే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడి అడిగింది, ఆయన ఎక్కడున్నాడో తెలుసా అని. తెలియదంది ఎస్తేరు. ఆ పిల్ల కొంగు వేలికి చుట్టుకుంది.

"శనివారం సాయంత్రమే వచ్చి నాకంతా చెప్పినాడమ్మా. నేను ఏడ్చినా, తిట్టినా. ఆఖరికి సోమవారం ఇద్దరం అనంతపురం పోదాం, ముందు మందులు మొదలుపెట్టు, పెండ్లి సంగతి నాకు ఆలోచించుకోనీ అన్నా. సరే అని పోయినాడు. నన్ను కాపాడినావని అందరూ అంటాండారు. నన్ను ఒక్క మాటన్నా అడిగినావా?"

ఎస్తేరు జవాబు చెప్పబోయింది. అది రహస్యం, ఎట్లా అడిగేది అనబోయింది. ఆ మాట ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆమెకే తెలిసి నోరు మూసుకుంది. కృప వచ్చిన దారినే పోయింది. కొన్ని నెలల తర్వాత ఆమెకు వేరే సంబంధం కుదిరిందని విన్నారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. సంఘపెద్దలు ఎస్తేరును మెచ్చుకున్నారు. పెద్ద తిమ్మన్న ఆరాధన ముగిశాక అందరి ముందూ లేచి, మన కట్టుబాటు ఎంత మంచిదో ఇప్పుడు రుజువైంది, ఒక ఆడపిల్ల బతుకు నిలబడింది, ఎస్తేరమ్మకు సంఘం రుణపడి ఉంది అన్నాడు. ఆమెకు శాలువా కప్పాలని కూడా అనుకున్నారట. కట్టుబాటు తీసేయండి అని ఎస్తేరు పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగింది. అందరూ ఆమెను వింతగా చూశారు. నువ్వు పెట్టిందే కదమ్మా, ఇప్పుడు పనిచేసిందే కదా, ఎందుకు తీయాలి అన్నారు. కంచే చేను మేస్తోందయ్యా అంటే నవ్వారు.

పిల్లలు మాత్రం ఆమె చెప్పకుండానే అర్థం చేసుకున్నారు. ఆమె పెట్టిన యువజన కూడికకు ఎవరూ రాలేదు. పరీక్షల వ్యాను ఊళ్లోకి వస్తే ఒక్క కుర్రాడు దగ్గరికి పోలేదు. వ్యాను పక్కన కనిపిస్తే చాలు, వీడికి కూడా ఉందేమో అంటారని భయం. బస్సులో ఆమె ఎక్కితే సెల్‌ఫోన్లలో తల దూర్చడం కూడా మానేశారు. లేచి ముందుకు పోయి నిలబడేవాళ్లు. బుడగలత్త అని వెనక నవ్వేవాళ్లు కూడా లేరు. ఆ నవ్వు పోవడం ఆమెను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఇరవై ఏళ్లు పాడిన పాట ఒక్క ఆదివారంతో మట్టిలో కలిసింది.

మారెమ్మ ఆమెతో మాట మానేసింది. కొళాయి దగ్గర ఎదురుపడితే బిందె పక్కకు జరుపుకునేది. ఊరేమో మారెమ్మను చూసి బిందెలు జరుపుకునేది. కొడుక్కి రోగముంటే తల్లి ముట్టిన బిందెతో ఏమీ రాదని ఎస్తేరు ఎంత చెప్పినా వాళ్ల బుర్రకెక్కలేదు.

దసరా దాటాక తిప్పేష్ బెంగళూరు నుంచి వచ్చి, ప్రతాప్‌ను హొసకోట దారిలో ఒక పెద్ద కట్టడం దగ్గర చూశానని ఎస్తేరు చెవిన వేశాడు. పక్కన రేకుల గుడిసెల్లో ఉంటున్నాడట. పలకరిస్తే తప్పుకుపోయాడట. ఆ మాట ఎట్లా తెలిసిందో, మరునాడు పొద్దున మారెమ్మ గడపలోకి వచ్చింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"నువ్వు పోగొట్టినావు ఒదినా. నువ్వే తేవాల," అంది. అని వెళ్లిపోయింది.

ఎస్తేరు రాత్రి బస్సెక్కి, తెల్లారి బెంగళూరులో దిగి, అడుగుతూ అడుగుతూ ఆ రేకుల గుడిసెల దగ్గరికి చేరింది. ఆమెకు ఉన్న ఆశ ఒకటే. వాడిని ఎట్లాగైనా ఒప్పించాలి. ఊరికి రాకపోతే మానె, బెంగళూరులోనే ఏదో ఒక ఆస్పత్రిలో మందులు మొదలుపెట్టించాలి. మందులు పడితే వాడు బతుకుతాడు. ఆమె బతకలేదా?

ఎవరో చూపించిన గుడిసె ముందు ఒక పిల్ల పొయ్యి మీద ఉప్మా కలుపుతోంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. మెడలో పసుపుతాడు. పసుపు ఇంకా వెలిసిపోలేదు. ప్రతాప్ కోసం వచ్చానంటే లేచి చెయ్యి తుడుచుకుంది. మా ఆయన నీళ్లకు పోయినాడు, వస్తాడు, కూసోండి అంది. పేరు సుజాత అని చెప్పింది. విడపనకల్లు పిల్ల, ఇదే కట్టడంలో ఇటుకలు మోసే పనికి వచ్చింది. మొన్న శ్రావణంలోనే ఇక్కడి గుడిలో పెళ్లి చేసుకున్నారట. మీరు ఊరి మనిషా, వాళ్లమ్మ ఎట్లుంది, నన్ను ఎప్పుడు రమ్మంటుంది అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది. ఎస్తేరుకు ఏ మాటా వినిపించలేదు. ఆమె చూపు ఆ పసుపుతాడు మీదే ఉండిపోయింది.

ప్రతాప్ నీళ్ల డబ్బాలతో వచ్చి ఆమెను చూసి ఆగిపోయాడు. మా ఊరి అత్త అని పెండ్లానికి చెప్పి, ఎస్తేరును కట్టడం వెనక ఇసుక కుప్పల దగ్గరికి తీసుకుపోయాడు. బాగా చిక్కాడు. దగ్గుతున్నాడు. ఆమెకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది, ఆ వెంటనే వాడి తల ఒళ్లో పెట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. ఆ పిల్లకు చెప్పినావా అని మాత్రం అడిగింది. లేదన్నాడు. మందులు తింటున్నావా అని అడిగింది. మాత్రలు ఇంట్లో పెట్టుకుంటే ఎందుకని అడుగుతుంది కదా అన్నాడు.

ఆమెకు కోపం ఆగలేదు. మందులు వాడితే పెండ్లానికి అంటదని నీకు తెలియదా, నాటకంలో ఊరూరా చెప్పినవాడివి నువ్వే కదరా అంది.

"నాటకంలో చెప్తే చప్పట్లు కొడతారు అత్తా," అన్నాడు వాడు. "ఆడ నిజం చెప్పినా, ఏమైందో చూసినావు కదా. ఈడ నన్నెవరూ ఏమీ అడగలేదు. అందుకే చేసుకున్నా."

ఎస్తేరు గుడిసె వైపు తిరిగి చూసింది. కృపను కాపాడానని ఊరు ఆమెను మెచ్చుకుంది. కృపకు ఆ కాపుదల అక్కర్లేకపోయింది. అక్కరున్న పిల్ల ఇక్కడ ఉంది, మెడలో కొత్త తాడుతో, అత్తగారు ఎప్పుడు పిలుస్తుందా అని ఎదురుచూస్తూ. ఈ పిల్లను ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది తానే. ఆమె ఉద్యోగపు నియమం ప్రకారం ఒకరి రోగం గురించి ఇంకొకరికి చెప్పకూడదు. అయినా ఇప్పుడు ఆమెను ఆపింది ఆ నియమం కాదు. ఈసారి కూడా తానే తేల్చేస్తే, వాడు ఇక్కడి నుంచి ఇంకో ఊరికి పోతాడు. అక్కడ ఇంకో పిల్ల ఉంటుంది.

ఇద్దరూ గుడిసెకు తిరిగి వచ్చారు. సుజాత ముగ్గురికీ ఉప్మా పెట్టింది. ఎస్తేరు రెండు ముద్దలు తిని, సంచిలోంచి మందు సీసా తీసి, రోజూ పొద్దున వేసుకునే మాత్ర అరచేతిలో వేసుకుంది. ఏం మాత్ర అత్తా అని సుజాత అడిగింది. షుగరుకా అంది.

"కాదమ్మా. నాకు ఎయిడ్స్ రోగముండాది. మా ఆయన నుంచి వచ్చినాది. ఆయప్ప నాకు చెప్పలేదు. అప్పుడు మందు లేదు, చచ్చిపోయినాడు. నేను తింటాండా, అందుకే బతికుండా."

మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. సుజాత గరిటె గిన్నెలో పెట్టింది. ఒకే చోట తింటే రాదు కదా అని అడిగింది, చిన్న గొంతుతో. రాదమ్మా అంది ఎస్తేరు. ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో, ఏ కాలేజీలోనూ చెప్పనంత నెమ్మదిగా చెప్పింది. సుజాత శ్రద్ధగా విని, ఆమె ప్లేటులో ఇంకొంచెం ఉప్మా వేసింది. ఎస్తేరు ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. ప్రతాప్ వైపు చూడను కూడా లేదు. తింటూ కూర్చుంది. తినడం అయిపోయినా లేవకుండా కూర్చుంది.

పక్క గుడిసెల్లోంచి మనుషులు పనికి పోతున్నారు. మేస్త్రీ వచ్చి ప్రతాప్‌ను కేకేశాడు. వాడు కదల్లేదు.

"నాగ్గూడా ఉండాది," అన్నాడు ప్లేటులోకి చూస్తూ.

సుజాతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొగుడి వైపు తిరగలేదు. ఎస్తేరునే చూసింది.

"నీకు ముందే తెలుసా అత్తా?"

"తెలుసమ్మా."

"మా పెండ్లికి ముందే?"

"ముందే."

నువ్వొకదానివి ఉన్నావని నాకు తెలియదు తల్లీ అనాలనుకుంది ఎస్తేరు. అది నిజం కూడా. కానీ ఆ నిజం ఆ పిల్లకు ఎందుకు పనికొస్తుంది? ప్లేటు పక్కన పెట్టి, లేయమ్మా, దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడుందో కనుక్కుందాం, ముగ్గురం పోయి నీకు కూడా పరీక్ష చేయిద్దాం, రాకపోయి ఉండొచ్చు, వచ్చినా మందుంది అని చెప్పింది.

సుజాత పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పింది. లోపలికి పోయి చీర మార్చుకుని, చిన్న సంచి చంకకు తగిలించుకుని వచ్చింది. ప్రతాప్ కూడా లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఈయప్ప వద్దు," అంది సుజాత ఎస్తేరుతో. "మనిద్దరమే పోదాం పా."

ప్రతాప్ పక్కకు తప్పుకుని వాళ్లకు దారి ఇచ్చాడు.